రాయపూర్ నుంచి వచ్చిన బండి

మొన్న ఆటోనగర్‌లోని ఒక ట్రాన్స్‌పోర్టు గోడౌన్‌లో, నాగపూర్ నుంచి నా పేరు మీద వచ్చిన సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలుకి చుట్టిన తాళ్ళను హమాలీ కోస్తుంటే, తడిసి ఆరిన గోనెపట్టా వాసనా, ఎండుగడ్డి వాసనా, ఖాళీ చేసిన ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోలు వాసనా కలిసి ఒక్కసారిగా నా ముక్కుకి తగిలాయి. ఆ బండిని అంతవరకూ నేను కళ్ళతో చూడలేదు. ఫోన్‌లో కొన్ని ఫొటోలు, ఇంజను చప్పుడు వినిపించే చిన్న వీడియో, అవతలివాడి హిందీ, నా హిందీ, అంతే. "సూడకుండా కొనీసినారేటి మేడమ్, దైర్యమే" అని హమాలీ నవ్వాడు. మా ఇంట్లో ఇది రెండోసారి. మొదటిసారి అలా కొన్నది మా నాన్న.

అప్పుడు మేం కూర్మన్నపాలెం దగ్గర ఒక ఇరుకు వీధిలో ఉండేవాళ్ళం. రెండు వరసల రేకుల ఇళ్ళు, మధ్యలో మురుగుకాలవ, ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిస్తే మూడోవాడు ఆగాల్సినంత దారి. ఎండాకాలం సైకిళ్ళ మీద తాటిముంజలు వచ్చేవి, పుల్లటి జీడిమామిడి పళ్ళు తిని మా గొంతులు గరగరలాడేవి, వానాకాలం ఉతికిన బట్టలు ఎన్నాళ్ళకీ ఆరక ఇల్లంతా ఒకటే ముక్కిన వాసన, ఏ కాలమైనా సాయంత్రానికి ఎవరి ఇంట్లోనో చేపల పులుసు ఉడికే వాసన. ఆదివారం వస్తే మగాళ్ళంతా లుంగీలు ఎగ్గట్టి బళ్ళు కడిగేవారు. మేం ఆడపిల్లలం ఆ సబ్బునీళ్ళ మధ్యే గీతలు గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. వీధిలో బండి లేనిది మా నాన్నకొక్కడికే. ఆయన ఎదురింటి సింహాచలం మావయ్య బండి వెనక కూర్చుని, ఎడమ చెయ్యి ఆయన భుజం మీద వేసి, రోజూ పోర్టులో పనికి వెళ్ళేవాడు.

అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలు లేచాక నాన్నకి అక్కడ పర్మినెంటు ఉద్యోగం దొరికింది. పొద్దున్న ఆరింటి షిఫ్టు. ఆ వేళకి బస్సులు ఉండవు కాబట్టి సొంత బండి ఉంటేనే తీసుకుంటామన్నారట, ఉందని చెప్పి చేరిపోయాడు నాన్న. ఇంట్లో పండగే అనుకోండి. అమ్మ బూరెలు వండి వీధంతా పంచింది. కానీ బండి లేదు.

ఆ వారంలోనే గాజువాకలో సెకండ్ హ్యాండ్ బళ్ళు అమ్మే దుకాణాలకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. మొదటి దుకాణంలో ఓ నల్లబండి నాకు తెగ నచ్చింది. దుకాణం ఆయన తాళం నాన్న చేతిలో పెట్టి, "ఓ రౌండ్ ఏసి రా బావా, నడిపితేనే కదా తెలుత్తాది" అన్నాడు. నాన్న తాళం తీసుకుని బండి చుట్టూ తిరిగాడు, వంగి సైలెన్సర్ కింద చూశాడు, గోటితో గీకాడు, తుప్పు ఉందని చెప్పి తాళం తిరిగి ఇచ్చేశాడు. రెండో దుకాణంలోనూ అంతే, మూడో దుకాణంలోనూ అంతే. నడిపి చూడమని అడిగిన ప్రతిచోటా మా నాన్నకి తుప్పు కనిపించింది. వచ్చేదారిలో ఎండలో నాకు కాళ్ళు లాగుతుంటే నాన్నకి ఏదీ నచ్చదని మనసులో తిట్టుకున్నాను.

తర్వాత వీధి మొత్తానికి ఒక ప్రకటన చేశాడు. సముద్రం గాలికి ఇక్కడి బళ్ళు పైకి నిగనిగలాడుతున్నా లోపల్లోపల తినేసి ఉంటాయట, సముద్రం ఎరగని ఊరి బండైతే ఎముక గట్టిగా ఉంటుందట, రాయపూర్‌లో లారీ తోలే తన చిన్ననాటి స్నేహితుడు ఒక మంచి బండి చూసిపెట్టాడట. అందులో అబద్ధం లేదు, మా వీధిలో ప్రతి బండికీ మడ్‌గార్డు కింద చిల్లులే. అయినా సింహాచలం మావయ్య ఊరుకోలేదు. "పెళ్ళిచూపుల్లేకుండా తాళి కట్టీసినట్టు, సూడకుండా బండేటి బావా?" అని రోజూ ఆటపట్టించేవాడు. నాన్న నవ్వేవాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోవడం నేను చూశాను గానీ అర్థం కాలేదు.

బండి వచ్చిన రోజు కూడా ఇదే ఆటోనగర్, ఇలాంటి గోడౌనే. గోనె విప్పితే ఎర్ర బండి, ఒంటి మీద ఎక్కడా తుప్పు చుక్క లేదు. నాన్న దాని ట్యాంకుని అరచేత్తో నిమిరాడు. లారీలో పంపే బళ్ళలో పెట్రోలు ఉంచరు కాబట్టి ట్యాంకు ఖాళీ. బంకు దాకా తోసుకెళ్దామన్నాడు, నేను వెనకనుంచి సీటు పట్టుకుని తోశాను. మొదటి బంకు వచ్చింది.

"నాన్నా, బంకు."

"ఇక్కడ కల్తీ అమ్మడూ. ముందుకెల్లి పోయిద్దుము."

రెండో బంకు దగ్గర జనం ఎక్కువన్నాడు. మూడో బంకు వైపు తల కూడా తిప్పకుండా తోసుకుపోయాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది, లారీలు దుమ్ము లేపుకుంటూ మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. నేనిక తోయనని రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. నాన్న బండికి స్టాండు వేసి నా పక్కన కూర్చుని, ఎటో చూస్తూ, "నాకు బండి తోలడం రాదు అమ్మడూ" అన్నాడు.

ఆనందపురం అవతల వాళ్ళ ఊళ్ళో, పెళ్ళికి ముందు, మేనమామ బండి మీద నేర్చుకుంటూ, కళ్ళంలో ధాన్యం ఎండబోస్తున్న ఒక ముసలమ్మని గుద్దేశాడట. ఆవిడ మళ్ళీ లేచి నడవలేదట. ఆ రోజు నుంచి హ్యాండిలు పట్టుకుంటే చేతులు బిగుసుకుపోతాయట. లైసెన్సంటారా, అది ఒక బ్రోకరు పుణ్యం. గాజువాక దుకాణాల్లో నాన్నకి కనబడిన తుప్పు ఏమిటో నాకప్పుడు తెలిసింది. నడిపి చూడమని ఎవరూ అడగని చోటు నుంచే ఆయన బండి కొనగలడు. "అమ్మకి సెప్పకు. ఫ్యాక్టరీలో తెలిస్తే ఉజ్జోగం పోతాది, ఈదిలో తెలిస్తే తలెత్తుకోనేను" అన్నాడు. నాకు తొమ్మిదేళ్ళు. అంత పెద్ద మాట ఎక్కడ దాచాలో నాకు తెలియలేదు.

నేర్చుకునే ప్రయత్నం చేయలేదని కాదు. ఒక ఆదివారం దువ్వాడ వైపు, ప్లాట్ల కోసం రాళ్ళు పాతి వదిలేసిన ఖాళీ జాగాకి ఇద్దరం బండి తోసుకెళ్ళాం. స్టార్ట్ చేశాడు, గేరు వేశాడు, బండి కదిలింది, నేను చప్పట్లు కొట్టాను. ఎక్కడో దూరంగా కట్టెలమోపు ఎత్తుకుని ఒకామె నడిచి వెళుతోంది. నిజంగా చాలా దూరంలో ఉంది. నాన్న బండిని అలాగే పక్కకి వదిలేసి కింద పడ్డాడు. లేచి, గీరుకుపోయిన మోచెయ్యి కూడా చూసుకోకుండా, "ఆవిడకేటీ అవలేదు కదా?" అని నన్నడిగాడు. మళ్ళీ ఎన్నడూ ఎక్కలేదు.

ఇక రోజూ జరిగేది ఇదీ. తెల్లారక ముందే నాన్న బండిని గుమ్మం ముందుకి తెచ్చి, గట్టిగా కిక్కు కొట్టి, వీధి అదిరేలా ఇంజను మోగించేవాడు. అమ్మ అన్నం డబ్బా తెచ్చి హ్యాండిలుకి తగిలించి, "నెమ్మదిగా ఎల్లండి, లారీలతో జాగర్త" అని అందరికీ వినిపించేలా చెప్పేది. వీధి ఇరుకు కదా, మోగుతున్న బండిని అలా పక్కన నడిపించుకుంటూనే వెళ్ళేవాడు, ఎవరికీ తప్పుగా తోచేది కాదు. మలుపు తిరిగాక ఇంజను ఆపేసి, నూకరాజు టీ బడ్డీ వెనక రేకుల కిందకి తోసి, గోనెపట్టా కప్పి, హైవే మీద ఏ లారీ దొరికితే ఆ లారీ ఎక్కి పోయేవాడు. సాయంత్రం మళ్ళీ బడ్డీ దగ్గర బండి తీసి, మోగించుకుంటూ నడిపించుకొచ్చేవాడు. పాలప్యాకెట్టు వంకతో నేను మలుపు దాకా వెళ్ళి, లారీ ఎక్కాడని చూసుకుని గానీ ఇంటికి వచ్చేదాన్ని కాదు.

దసరా వస్తే నాకు భయం పట్టుకునేది. ఆయుధపూజకి వీధంతా బళ్ళు కడిగి, పసుపు రాసి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయలు కొట్టేవారు. గుమ్మడిగుజ్జు, కుంకుమ, అగరొత్తులు, ప్రతి ఇంట్లోంచీ గారెల నూనె వాసన. అందరి బళ్ళ కంటే మా బండే మెరిసేది, అది ఎండ చూస్తే కదా మాసిపోవడానికి. పూజయ్యాక అందరూ పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని టౌన్‌లో వినాయకుడి గుడికి బయల్దేరేవారు. నాన్న గుడ్డతో తుడిచిందే తుడుస్తూ ఉండేవాడు. అంతలో అమ్మ, "పొద్దుట్నుంచి పొయ్యికాడ నిలబడి నా నడుం పడిపోనాది, నానెక్కడికీ రాను బాబూ" అని మంచం ఎక్కేసేది. తమ్ముడు ఏడ్చేవాడు. ప్రతి దసరాకీ అమ్మకి నడుంనొప్పి రావాలని నేను దేవుణ్ణి మొక్కుకునేదాన్ని, వచ్చేది.

ఒక మే నెల మధ్యాహ్నం జ్వరంలో ఉన్న తమ్ముడికి ఫిట్స్ వచ్చాయి. వాడికి నాలుగేళ్ళు. కళ్ళు తేలేశాడు, నోట్లోంచి నురగ. ఆ రోజు నాన్నకి సెలవు, గుమ్మంలోనే బండి. వీధి జనమంతా గుమిగూడి, "బండుంది కదా బావా, తియ్యి, తియ్యి" అని అరుస్తున్నారు. నాన్న చేతిలో తాళం ఉంది. చెయ్యి ముందుకి రావడం లేదు. నేను ఆయన ముఖం చూశాను. అలాంటి ముఖం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు, చూడాలనీ లేదు. తమ్ముడు చచ్చిపోతాడనీ, దానికి నాన్నే కారణమవుతాడనీ, ఆ సంగతి నాకొక్కదానికే తెలుసనీ అనిపించింది. చెప్పొద్దూ, ఆ క్షణం నాన్నని అసహ్యించుకున్నాను.

తమ్ముణ్ణి భుజాన వేసుకుని లోపల్నుంచి వచ్చిన అమ్మ, నాన్న చేతిలోంచి తాళం లాక్కుని సింహాచలం మావయ్య మీదకి విసిరింది. "అన్నయ్యా, నువ్వు తియ్యి! బిడ్డని సూసి ఈయన సేతులు ఎలా వొణుకుతన్నాయో సూడు." మావయ్య బండి తీశాడు, అమ్మ వెనక ఎక్కింది. నాన్న వొంటిమీద చొక్కా లేకుండా బండి వెనకాలే మలుపు దాకా పరిగెత్తి, టీ బడ్డీ దగ్గర కూలబడిపోయాడు. తమ్ముడు దక్కాడు, పొద్దుగూకేసరికి అమ్మ ఒళ్ళో బ్రెడ్డు ముక్క నములుతూ ఇంటికొచ్చాడు. కన్నతండ్రికి చేతులు వణకవా అని వీధంతా నాన్నని ఓదార్చింది. మర్నాడు తెల్లారక ముందే ఎప్పటిలాగే కిక్కు కొట్టిన చప్పుడు వినిపించింది, అమ్మ జాగ్రత్తలు చెప్పింది.

కొన్నేళ్ళకి ఫ్యాక్టరీ వాళ్ళే షిఫ్టు బస్సు వేశారు. బండి గుమ్మం పక్కన గోనె కింద నిలబడిపోయింది. సముద్రం ఎరగని ఊరి ఎముక కూడా ఈ గాలికి ఆగలేదు, చివరికి పాత ఇనుము వాడు తీసుకుపోయాడు. నాన్న పోయి రెండేళ్ళయింది. అలాంటి బళ్ళు ఇప్పుడు తయారు కావు, అందుకే ఎక్కడో నాగపూర్‌లో దొరికితే చూడకుండా కొన్నాను.

మొన్న మొదటి బంకులోనే పెట్రోలు పోయించి నడుపుకుంటూ వచ్చాను. ప్లాట్ల రాళ్ళ జాగాలో అపార్టుమెంట్లు లేచాయి, తాటిచెట్లు లేవు, ముంజల సైకిళ్ళు లేవు, నూకరాజు బడ్డీ ఉన్నచోట ఏటీఎం ఉంది. సింహాచలం మావయ్య వాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయారు. వీధి మలుపు దగ్గర, ఎందుకో నాకే తెలియదు, దిగిపోయాను. మోగుతున్న బండిని పక్కన నడిపించుకుంటూ ఇంటిదాకా వచ్చాను. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

"అదేటే, నీకు తోలడం వొచ్చు కదా. నువ్వెందుకు నడిపించుకొత్తన్నావు?"

ఇంజను ఆపేశాను. "నీకు తెలుసా అమ్మా?"

"పెళ్ళయిన ఏడాదే మీ నాయనమ్మ సెప్పింది. ఆ ముసలమ్మ సంగతీ సెప్పింది."

వీధంతా వినేలా చెప్పిన ఆ జాగ్రత్తలూ, ఏటేటా దసరాకే వచ్చిన ఆ నడుంనొప్పీ, లాక్కుని విసిరిన ఆ తాళం, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర, నేను అమ్మకి తెలియకూడదనీ, అమ్మ తనకి తెలుసన్న సంగతి నాన్నకి తెలియకూడదనీ అన్నేళ్ళు బిక్కుబిక్కుమంటూ బతికాం. నాకు ఏడుపూ, కోపమూ కలిసి వచ్చాయి.

"ఒక్కనాడైనా ఆయనతో అనలేకపోయావా? ఎంత నలిగిపోయాడో తెలుసా?"

అమ్మ కొత్త బండి ట్యాంకు మీద దుమ్ముని కొంగుతో తుడిచింది.

"అనీస్తే, మర్నాడు పొద్దున్న ఆ బండికాడ ఎలా నిలబడేవోడే?"