చేపల కాటా మీద నా బరువు

భీమవరంలో మాది కర్రీ పాయింటు. తెల్లవారకముందే కూరగాయలు తరగడం మొదలుపెడితే రాత్రి గిన్నెలు కడిగేదాకా నా రోజంతా పొయ్యి దగ్గరే. ఉప్పు చూడాలని పగలంతా ఒక్కో చుక్క నాలిక మీద వేసుకోవడం, రాత్రి మిగిలిన కూరలు పారబొయ్యడానికి మనసొప్పక అన్నంలో కలుపుకోవడం. అలా అలా లావయ్యాను. మొదట్లో చుట్టాలు "ఒళ్ళు చేశావే, వ్యాపారం బాగుందన్నమాట" అని మెచ్చుకునేవారు. తర్వాత్తర్వాత ఆ మెచ్చుకోలు ఆగిపోయింది. షేర్ ఆటోలో నా పక్కన ఖాళీ ఉన్నా, జనం తొంగిచూసి ఇంకో ఆటో కోసం నిలబడేవారు.

పోయినేడు బొడ్డు దగ్గర హెర్నియా వచ్చింది. పెద్ద గిన్నె ఎత్తినప్పుడల్లా నిమ్మకాయంత ఉబ్బు బయటికి తోసుకొచ్చి కడుపు మెలిపెట్టేది. మా వీధి చివర చిన్న ఆసుపత్రిలో చూపించుకున్నాను. ఆపరేషన్ తప్పదనీ, ఆలస్యం చేస్తే పేగు ఇరుక్కుని ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. మత్తు ఇవ్వాలంటే బరువెంతో తెలియాలట. నర్సమ్మ మిషన్ ఎక్కమంది. నేనింకా రెండో కాలు సరిగ్గా పెట్టనేలేదు, ముల్లు గిర్రున తిరిగి చివరికంటా పోయి ఆగిపోయింది. వరండాలో ఉన్నవాళ్ళందరూ నా వైపే చూశారు.

"మా మిషన్ ఇంతవరకేనండి. వెనక వీధిలో చేపల కాటా ఉంది కదా, అక్కడ తూయించుకొచ్చి చెప్పండి. ఏమీ అనుకోకండేం," అంది నర్సమ్మ.

అనుకోకుండా ఎలా ఉంటాను? అయినా వెళ్ళాను. ప్రాణం తీపి కదా.

అక్కడ చెరువుల నుంచి వచ్చిన చేపల్ని ట్రేల్లో పెట్టి తూస్తారు. కాటా దగ్గరుండే మనిషి బరువుని గట్టిగా కేకేసి చెప్పాలి. ఇటు రైతుకీ, అటు లారీ దగ్గర గుమాస్తాకీ వినపడాలి మరి. ట్రేకీ నీళ్ళకీ కలిపి కొంత బరువు తీసేస్తారు, దాన్ని తరుగంటారు. అదీ అరిచే చెప్పాలి. ఆ కాటా మనిషి రోజూ మధ్యాహ్నం మా దగ్గర పప్పూ వేపుడూ పట్టుకెళ్ళేవాడే. సంగతి మెల్లగా చెవిలో చెప్పాను.

"అయ్యో, దానికేముందక్కా, ఎక్కండి," అని కాటా మీద నీళ్ళు తుడిచాడు. మంచివాడే. చెప్పులు విప్పి ఎక్కి కళ్ళు మూసుకున్నాను. అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా? నా బరువు ఆవరణంతా మోగేలా కేకేశాడు. ఆ అంకె ఇప్పటికీ రాయలేను. దాని వెనకే, "తరుగు రెండూ!" అన్నాడు.

ఐసు కొట్టేవాళ్ళు, ట్రేలు మోసేవాళ్ళు ఘొల్లున నవ్వారు. అతను నాలిక కరుచుకున్నాడు. "తప్పయిపోయిందక్కా, చేపలనుకుని..." అన్నాడు. ఆ మాట ఇంకా ఘోరంగా ఉంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే అక్కడే ఏడవాలి. తడిసిన చీర కుచ్చిళ్ళతో, చెప్పులు చేత్తో పట్టుకునే రోడ్డెక్కాను.

ఆ దారిలోనే ఒక చెరువుల ఆసామి మేడ ఉంది. ఆయన నాకంటే లావుగా ఉండేవాడు. హైదరాబాదు వెళ్ళి, బరువు తగ్గడానికి ఆపరేషన్‌తో పొట్ట చిన్నది చేయించుకుని వచ్చాడు. "పాపం, జబ్బండి, ట్రీట్‌మెంటు చేయించుకున్నారు," అంది ఊరంతా. ఆయనది జబ్బు, నాది తిండి యావ. కోపం వచ్చింది. కానీ ఎక్కువసేపు నిలవలేదు. రాత్రిళ్ళు అంత అన్నం తినకపోతే ఏం పోయిందే నీకు అని నన్ను నేనే తిట్టుకున్నాను.

నా బరువు విని డాక్టరుగారు తల పంకించారు. "ముందు తగ్గాలండి. రాత్రి అన్నం మానేసి ఓట్స్ తినండి. పొద్దున్నే గంటసేపు నడవండి. తగ్గాక చేద్దాం."

నేను నడుస్తుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారని అడగలేదు. మిషన్ ముల్లు ఆగిపోయినప్పటినుంచీ నాకు వేరే భయం పట్టుకుంది.

"తగ్గేలోగా పేగు ఇరుక్కుంటే, మీ ఆపరేషన్ బల్ల నన్ను మోస్తుందా అండి?"

ఆయన నర్సమ్మ వైపు తిరిగి, "మన టేబుల్ ఎంత మోస్తుందమ్మా?" అన్నారు. "ఎప్పుడూ చూడలేదండి," అందామె. లోపలి గదిలోకి వెళ్ళి, ఫోన్ లైటు వేసుకుని, వంగి బల్ల కిందంతా వెతికింది. తెరిచిన తలుపులోంచి నాకు కనబడుతూనే ఉంది. ఎక్కడా ఏమీ రాసి లేదు.

"పెద్దాసుపత్రికి రాసిస్తాను. అక్కడైతే మిమ్మల్ని మోసే బల్ల ఉండొచ్చు," అన్నారు డాక్టరుగారు, నా మొహం చూడకుండా.

అక్కడా లేకపోతే? రెండు చేతులూ జోడించి, "మీకు శ్రమ ఇచ్చాను, క్షమించండి," అన్నాను.

"పర్లేదమ్మా," అన్నారాయన.