చూస్తూ ఆపినవి

చిందరవందరగా ఉన్న ఏ సెక్షన్‌లో వేసినా నెలలో దారికి తెస్తానని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకో పేరుండేది. రిటైరైన ఎనిమిది నెలలకు దారికి తేవడానికి నాకు ఇంట్లో దొరికింది టీవీ ఒక్కటే.

మొదలుపెట్టించింది మా ఆవిడే. పడవ బొమ్మ ఉన్న సినిమా ఏదో చూస్తూ ఆపిందట, అది ఏ యాప్‌లో ఉందో గుర్తుకు రావడం లేదంది. మా టీవీలో అలాంటివి ఐదున్నాయి. ఒకటి ఇంటర్నెట్ కనెక్షన్‌తో వచ్చింది, రెండు ఫోన్ రీచార్జితో వచ్చాయి, మిగతావి మా అమ్మాయి అత్తగారింటి నుంచి పాస్‌వర్డ్ చెప్పి పెట్టించింది. ఏదైనా సినిమా కావాలంటే ఒక్కోదాంట్లోకీ దూరి వెతుక్కోవాలి. నేను చూసేది వార్తలూ క్రికెట్టే కాబట్టి ఆ తిప్పలు నాకు తెలియవు. తెలిశాక ఊరుకుంటానా, కొత్త బాక్సు కొనుక్కొచ్చాను. ఐదింటినీ కలిపి ఒకే తెరమీద చూపిస్తుందని దుకాణాయన చెప్పాడు.

చెప్పినంత తేలిక కాలేదు. ప్రతి యాప్‌కీ టీవీ మీద ఒక కోడ్ వస్తుంది. దాన్ని ఫోన్లో కొట్టాలి. నేను కళ్లద్దాలు సర్దుకుని కొట్టేలోపు దాని గడువు తీరిపోతుంది. పొద్దున టిఫిన్ తిని కూర్చున్నవాణ్ని, రెండుసార్లు చాయ్ అడిగాను, పాస్‌వర్డ్ రాసిన కాగితం ఎక్కడ పెట్టావని ఒకసారి, ఫ్యాన్ తగ్గించమని ఒకసారి పిలిచాను. పిలిచినప్పుడల్లా ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, పని చేసి పోయింది.

మధ్యాహ్నం కాకముందే ఐదూ ఒక్కచోటికి వచ్చాయి. తెర మీద అన్నిటికన్నా పైన 'చూస్తూ ఆపినవి' అని ఒక వరుస. ఒక్కో బొమ్మ కింద ఒక ఎర్రగీత, ఎంతవరకు చూస్తే అంత పొడవు. ఐదు చోట్ల విడివిడిగా ఉన్నవన్నీ కలిసేసరికి ఆ వరుస ఎంతకీ తెగలేదు. బాణం నొక్కుతున్నకొద్దీ బొమ్మలు వస్తూనే ఉన్నాయి. అన్నీ ఆవిడవే. ఒక్కటీ పూర్తి కాలేదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. పెండింగ్ ఫైళ్లు కనిపిస్తే నాకు మొదటినుంచీ అంతే. పిలిచి కడిగేశాను. ఇన్ని మొదలుపెట్టి ఒక్కటన్నా ముగించొద్దా, నీకు బొత్తిగా నిలకడ లేదే అన్నాను. ఆవిడ ఆ వరుస వంక కాసేపు చూసింది. తన సినిమాలన్నీ అలా ఒకచోట చూడటం ఆవిడకూ అదే మొదటిసారి.

"అన్ని తీసెయ్యుండ్రి," అంది. "నేనింక సినిమాలు చూడ."

పొయ్యి మీద పప్పు ఉందని వెళ్లిపోయింది. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అని మరిచిపోయేవాణ్ని. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఈ మనిషే పెళ్లైన కొత్తలో, సినిమా మొదట్లో పేర్లు పడేది తప్పిపోతుందని, ఛత్రినాకలో మా ఇంటి నుంచి టాకీసు దాకా నన్ను పరుగు పెట్టించింది. అయినా చెప్పింది కదా అని తీసెయ్యడానికే కూర్చున్నాను.

రెండు తీశాక గమనించాను. వరుసలో చివరన, అంటే పాతవాటి కింద, ఎర్రగీత సగం దాటి ఉంది. ఇటు కొత్తవాటి వైపు వస్తున్నకొద్దీ అది తగ్గుతూ వచ్చింది. ఈ నెలలో చూసినవాటి కింద గోరంత కూడా లేదు.

ఆఫీసు బుద్ధి ఎక్కడికి పోతుంది, ఫోన్లో ఆ యాప్‌ల పాత వివరాలు తెరిచాను. ఏ రోజు ఏది చూసిందీ తేదీలతో సహా ఉంది. నేను రిటైరైన నెల దాకా వారానికి రెండు మూడు సినిమాలు, అన్నీ చివరిదాకా చూసినవే. నేను పొద్దున బస్సెక్కిపోతే సాయంత్రం దాకా ఇల్లు ఆవిడదే కదా. ఆ తర్వాత ముగించినది ఒక్కటీ లేదు. ఎనిమిది నెలల నుంచి మా ఇంట్లో కొత్తగా వచ్చిందేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చాయ్, కళ్లద్దాలు, ఫ్యాన్, ఇట్లా రా ఒకసారి. నిలకడ లేదని నేనే అన్నాను. నేను తీసేసిన ఆ రెండు సినిమాల పేర్లూ నాకు ఇప్పటికీ తెలియదు.

పడవ బొమ్మది వెతికి తెర మీద పెట్టాను. అన్నం తిన్నాక, పింఛను ఆఫీసులో పనుంది, మూడు గంటలైనా పడుతుంది, నీ సినిమా దొరికింది చూసుకో అని చెప్పి బయటపడ్డాను.

పింఛను ఆఫీసులో నాకు ఏ పనీ లేదు. ఆటోలో పత్తర్‌గట్టి బజారు దాకా పోయి ఆ రాతి కమానుల కింద నడిచాను. ఒక బట్టల దుకాణాయన, "క్యా హోనా సాబ్?" అన్నాడు. ఏం కావాలో తెలిస్తే కదా. పాపం, కూర్చోమని స్టూలు వేశాడు. అరగంట కూర్చున్నాను. ఇంట్లో లేకుండా ఉండటం కూడా ఒక పనేనని, అది నాకు చేతకాదని అప్పుడు తెలిసింది.

తిరిగి వస్తూ మా మార్కెట్‌లో దిగి ఆకుకూరల ముందు నిలబడ్డాను. పుంటికూరా, పాలకూరా? చేయి దానంతటదే జేబులోకి పోయి ఫోన్ తీసింది. ఆవిడ నంబరు కూడా తెరిచింది. ఇంకొక్క క్షణమైతే ఆ పడవను నడి నీళ్లలో మళ్లీ ఆపేసేవాణ్ని. ఫోన్ లోపల పెట్టి రెండు కూరలూ తీసుకున్నాను.

మా ఇంటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి లోపల సినిమా నడుస్తూనే ఉంది. బెల్లు కొట్టకుండా సంచీ పక్కన పెట్టుకుని కింది మెట్టు మీద కూర్చున్నాను. పక్కింటాయన తాళంచెవి పోయిందా అని అడిగితే తల ఊపాను. చప్పుడు ఆగాక లేచి బెల్లు కొట్టాను.

తలుపు తీసిన ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. సంచీ అందుకుని లోపలికి చూసింది.

"పింఛన్ ఆఫీసుల పుంటికూర గూడ అమ్ముతున్నరా?"

టీవీ వైపు చూశాను. పైవరుసలో పడవ బొమ్మ లేదు. చివరిదాకా చూస్తే అందులోంచి దానంతటదే పోతుంది. రిమోట్ మాత్రం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది, బొటనవేలు ఆపే బటన్ మీదే ఉంది. నేను చూడటం చూసి వేలు తీసింది.

"మీ ఫోనొస్తదేమో, ఆపాల్నేమో అని పట్టుకొనే కూసున్న," అంది.

చాయ్ పెట్టడానికి లోపలికి పోతూ వంటింటి గుమ్మం దగ్గర ఆగింది.

"రేపు ఎన్నింటికి పోతరు?"

రెండింటికి అన్నాను.