గడపతో సమంగా

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే ఐరాల నుంచి ఫోను వచ్చింది, మా వడ్రంగి మామ పోయాడని. చుట్టరికం లేదు. అమ్మ ఆయన్ని అన్నా అనేది కాబట్టి నాకు మామ. చిత్తూరులో మా ఇంటి తలుపులూ మంచాలూ ఆయన చేతివే. చావుకు వచ్చినవాళ్లంతా పల్లెత్తు మాట అనని మనిషని ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అనాల్సిన చోట కూడా అనకుండా పోయాడు.

నిరుడు అమ్మకు తుంటి విరిగింది. వాకర్ పట్టుకుని వంటింటి వెనక తలుపు దాకా వచ్చి, పెరట్లోని కరివేపాకు చెట్టును చూస్తూ నిలబడేది. ఆమె కూర్చునేందుకు చెక్కతో డెక్ కట్టిద్దామని నేనే మామను పిలిపించి, ఫోన్లో ఒక బొమ్మ చూపించాను. ఆయన దాన్ని చెక్క తిన్నె అన్నాడు. చెవిమీదున్న పెన్సిలు కోసం సంచంతా వెతికాడు, అది ఆయనకు అలవాటే. టేపు మాత్రం తీయలేదు. తలుపు బయట గడప ఎత్తుకు పలకలు పేర్చి, అమ్మను దాని మీదికి నడవమన్నాడు. నడిచింది. ఒక పలక తీసి మళ్లీ నడవమన్నాడు. రెండోది తీసేసరికి అమ్మ కాలు గాల్లోనే ఆగిపోయింది.

"బొమ్మ సూసి ఇల్లు కట్టొచ్చు అమ్మణ్ణీ. తిన్నె మాత్రం కాలు సూసి కట్టాల," అన్నాడు నాతో.

గడపతో సమంగా ఎత్తు లేపి, మూడు వైపులా చేతికి ఆసరాగా కటకటా పెడతానన్నాడు. పొలంలో కాపలా మంచెలా ఉంటుందని నేను నవ్వాను. నా ఫోన్లో ఉన్న బొమ్మలో రెండు వెడల్పాటి మెట్లు దిగితే, కింద నున్నగా మెరిసే చెక్క ఉంది. ఆయన పలకలు గోడకు ఆనించి, సంచి సర్దుకున్నాడు. నేను తిరుపతిలో వేరేవాళ్లకు పని అప్పజెప్పాను. మంచె అన్న మాట నా నోట ఎలా వచ్చిందా అని ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

డెక్ అచ్చం బొమ్మలో ఉన్నట్టే వచ్చింది. అందరినీ భోజనానికి పిలిచాను. మామ కూడా వచ్చాడు. జనమంతా డెక్ మీద ఫోటోలు దిగుతుంటే, అమ్మ గడప ఇవతలే వాకర్ పట్టుకుని నిలబడింది.

"తిన్నె బాగుండాది. మీ అమ్మ కుర్చీ యాడ ఏసినారు?" అన్నాడు మామ.

మెల్లగా అలవాటవుతుందని బుకాయించాను. పోయేముందు ఆయన తలుపు దగ్గర వంగి, గడప కింద చేత్తో తడిమాడు. చెప్పులు వెతుక్కుంటున్నాడనుకున్నాను. ఆ తర్వాత నేను ఫోను చేయలేదు. ఏ మొహంతో చేస్తాను? అమ్మ అన్నను పిలవమని రెండుసార్లు అడిగింది. పనుల్లో పడి మరిచిపోయానన్నాను, అదీ అబద్ధమే.

ఐరాలలో ఆయన దినం అయ్యాక అత్త నన్ను కొట్టంలోకి తీసుకుపోయింది. గోనెపట్టా తీస్తే కింద మద్దిచెక్క బల్ల ఒకటి ఉంది, కురచ కాళ్లతో, మూడు వైపులా కటకటాతో.

"నీ ఇంటికే సేసినాడు పాపా. పిలిస్తే తీసకపోతా అన్నాడు. పిలవకుండా తెస్తే నువ్వు సిన్నబోతావంట."

చిన్నబోతే ఏం పోయింది? నాలుగు తిట్టి, గుమ్మంలో ఆ బల్ల పడేసి పోయి ఉంటే ఏం పోయింది? నా పరువు కాపాడబోయి మా అమ్మను ఇన్ని నెలలు గడప ఇవతలే నిలబెట్టాడు. ఆ మంచితనం మీద నాకు కోపం. అది ఆయన్నుంచి వసూలు చేసుకున్న నా మీద అంతకంటే కోపం.

బల్లను సామాన్ల ఆటోలో తెచ్చి, మెట్లను కప్పేలా తలుపు ముందు పెట్టి, దాని మీద కుర్చీ వేశాను. గడపతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. అమ్మ కిందికి చూడకుండానే నడిచి, కుర్చీలో కూర్చుని, చేయి చాచి కరివేపాకు రెమ్మ తుంచింది. మంచమంత చెక్క మీద ఆమె. చుట్టూ నా డెక్, ఖాళీగా, నున్నగా మెరుస్తూ.