నూటికి తొంభై ఏడు

ఆ వీధిలో మూగబోయిన యాంప్లిఫయర్లన్నీ చివరికి చేరేది ఒక రెండు గదుల వాటాకి. ముందు గది అక్కది, వెనక గది తమ్ముడిది. ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు, వెనక గదిలో సోల్డరు కాలిన వాసన. ఆమెను అందరూ టైలరక్క అంటారు. అతన్ని మెకానిక్ అంటారు. మర్యాదస్తులు ‘గారు’ చేరుస్తారు. ఇచ్చిన సామాను ఇంకా తిరిగి రానివాళ్ళు వేరే మాటలు చేరుస్తారు.

మెకానిక్ నెమ్మదస్తుడే గాని, సర్క్యూట్ బోర్డుల దగ్గర కాస్త తిక్క మనిషి. బజార్లో తయారుగా దొరికే బోర్డు కొనడమంటే అతని దృష్టిలో పక్కింటి పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చి ‘అంతా మా పోలికే’ అని చెప్పుకోవడం. అందుకని తన బోర్డు తనే చేసుకుంటాడు. కంప్యూటర్లో లేఅవుట్ సాఫ్ట్‌వేర్ తెరిచి, కరెంటు నడవాల్సిన దారులన్నీ గీస్తాడు. ఆ బొమ్మను నున్నటి పత్రిక కాగితం మీద లేజర్ ప్రింటర్‌తో అచ్చు తీస్తాడు. కాగితాన్ని రాగి రేకు తొడిగిన పలక మీద బోర్లించి ఇస్త్రీపెట్టెతో అదిమితే నల్లటి టోనర్ పొడి రేకుకు అంటుకుంటుంది. నీళ్ళలో నానబెట్టి కాగితం ఒలిచి, పలకను మందునీళ్ళలో ముంచితే, నలుపు కింద దాక్కున్న రాగి బతికిపోతుంది, తక్కిన రాగి కరిగిపోతుంది. ఈ మహాకార్యం జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.

ఇందులో ప్రాణమంతా అచ్చు కొలతలోనే ఉంది. బొమ్మ కాస్త పెద్దదైతే చిప్పు కాళ్ళు బోర్డుకి పెట్టిన రంధ్రాల్లో దిగవు. ముందువి దిగుతాయి, చివరివి సీటు దొరకని ప్రయాణికుల్లా బయటే నిలబడతాయి. అతని సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికిన పాత సరుకు. ఏ బొమ్మనైనా కొంచెం ఉబ్బించి ప్రింటర్‌కి పంపడం దాని స్వభావం. దాన్ని మాన్పించే దారి ఎంత వెతికినా దొరకలేదు. విసిగిపోయి ప్రింటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఎక్కణ్ణించి ఏది వచ్చినా సరే, నూటికి తొంభై ఏడు వంతుల సైజులో మాత్రమే అచ్చు వెయ్యమని శాశ్వతంగా ఆజ్ఞాపించాడు. నేరం సాఫ్ట్‌వేర్‌ది, శిక్ష ప్రింటర్‌కి. చిప్పు కాళ్ళు బుద్ధిగా దిగాయి. అతను ఆ సంగతి హాయిగా మరిచిపోయాడు.

మరిచిపోకూడని సంగతి ఏమిటంటే, ఆ ఇంట్లో ప్రింటర్ ఒక్కటే. “ఎన్నాళ్ళని పాత పేపర్ల మీద చేత్తో గీస్తావక్కా? కొలతలిస్తే కంప్యూటరే గీసిపెడుతుంది” అని అక్కను ఆ దారి పట్టించిందీ అతనే. గౌను ముక్కల బొమ్మలు అక్క ఆ ప్రింటర్‌లోనే అచ్చు తీసి, కాగితాలు అతికించి, వాటి ప్రకారం గుడ్డ కత్తిరిస్తోంది. మొదట్లో ఒకసారి, “కొలిచి చూసుకోనా?” అని అడిగింది కూడా.

“కంప్యూటర్‌నే అనుమానిస్తావేంటక్కా” అని తమ్ముడు నవ్వాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత ఆ వీధి లావెక్కడం మొదలుపెట్టింది. ముందుగా ఎదురింటి టీచరమ్మ వచ్చింది.

“టైలరక్కా, ఈ గౌను నన్ను ఊపిరి పీల్చుకోనివ్వట్లేదు.”

“మీరిచ్చిన కొలతలే కదమ్మా.”

“అయితే ఇంతలోకే లావయ్యానంటావా?”

“నేనేమంటాను? మీ ఇంట్లో అద్దం లేదా?”

టీచరమ్మ రాత్రి భోజనం మానేసింది. కానీ ఆమె వెనక ఇంకొకరు వచ్చారు, ఆ వెనక మరొకరు. అందరి అద్దాలూ ఒకేసారి అబద్ధమాడవు గదా. అక్క వాదించడం మానేసింది.

“నా చేతిలోనే ఏదో తేడా వచ్చింద్రా” అంది ఒకనాడు, వెనక గది గుమ్మంలో నిలబడి.

“కళ్ళజోడు మార్చుకో” అన్నాడు తమ్ముడు, బోర్డు మీంచి తలెత్తకుండానే.

ఆమె కళ్ళజోడు మార్చింది. గౌన్లు మారలేదు. బజార్లో రెడీమేడ్ షాపువాళ్ళు బట్టలు మడతపెట్టే పనికి రమ్మని అడుగుతున్నారని ఇంట్లో చెప్పింది. “మడతపెట్టడానికి కొలతలక్కర్లేదు కదా” అని తనే నవ్వింది. ఆ నవ్వు తమ్ముడికి నచ్చలేదు, అయినా ఎందుకు నచ్చలేదో ఆలోచించే తీరిక అతనికి లేదు. సాఫ్ట్‌వేర్ కొత్త రకం వచ్చింది, దాన్ని ఎక్కించుకునే పనిలో ఉన్నాడు.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొదటి బోర్డు అచ్చు తీశాడు, ఇస్త్రీ చేశాడు, ముంచాడు, రంధ్రాలు పెట్టాడు. చిప్పు దిగలేదు. ఈసారి బోర్డే కురచగా ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఉబ్బించే అలవాటు మానుకుందని అర్థమైంది. మరి కుదించిందెవరు? సెట్టింగులు తెరిచాడు. తొంభై ఏడు అతని ముఖంలోకి చూసింది. సరిగ్గా అప్పుడే ముందు గదిలో అక్క ఎవరిదో బిగుతు గౌను కుట్లు ఊడదీస్తున్న చప్పుడు, పర్రు పర్రుమని, గోడ దాటి వినిపించింది.

అతను లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. అక్క తలెత్తి, “ఏంట్రా, టీ కావాలా?” అంది.

“ఊ” అన్నాడు.

ఆ టీ తాగడానికి అతను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. తాగి, వెనక గదిలోకి పోయి, తొంభై ఏడును వంద చేసి, ఎవరికీ తెలియకుండా ప్రపంచాన్ని చక్కదిద్దాననుకున్నాడు. ఇక గౌన్లు సరిపోతాయి, అక్క తేరుకుంటుంది, చెప్పాల్సిన అవసరమే రాదు. పిరికితనానికి ఇంత చక్కటి తర్కం అబ్బడం అరుదు.

అతనికి తెలియనిది ఒకటుంది. తన చేతి మీద నమ్మకం పోయిన అక్క, ఆ వారం నుంచే ప్రతి బొమ్మ చుట్టూ వేలెడు గుడ్డ ఎక్కువ వదిలి కత్తిరిస్తోంది.

టీచరమ్మ కొత్త గౌను డేరాలా వేలాడింది. ఆవిడ మాత్రం పొంగిపోయింది. “చూశావా టైలరక్కా, కడుపు మాడ్చుకున్నందుకు ఫలితం. ఎంత చిక్కిపోయానో.”

ఆవిడ వెళ్ళాక అక్క మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికక్కా?”

“షాపుకి. వస్తానని చెప్పేసి వస్తా. మొన్నటిదాకా బిగుతు, ఇప్పుడు వదులు. ఇంక ఈ చేతిని నమ్ముకుని ఒకళ్ళ గుడ్డ పాడుచెయ్యలేన్రా.”

“నీ చెయ్యి కాదక్కా.”

“మరెవరిది?”

“నాది.”

గుమ్మంలోనే నిలబెట్టి చెప్పాడు. ఉబ్బించే సాఫ్ట్‌వేర్, తొంభై ఏడు, కురచ బోర్డు, దొంగతనంగా పెట్టిన వంద, అన్నీ. కళ్ళజోడు మార్చుకోమన్నది ఎంత తప్పో, అదీ చెప్పాడు. తిడుతుందని ఎదురుచూశాడు, తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె చెప్పులు విప్పి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది.

“టీచరమ్మకి ఎవరు చెప్తారు?”

“నేనే చెప్తాను.”

“ఏమని?”

“లావెక్కలేదని.”

“చిక్కలేదని కూడా చెప్పాలి. అది ఇంకా కష్టం.”

అతను నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. ఆమె మిషను మీది గుడ్డ తీసి, కొత్తగా అచ్చు తీసిన బొమ్మ ఒకటి బల్ల మీద పరిచింది. కత్తెరను దాని అంచు దాకా తెచ్చి ఆపేసింది.

“స్కేలు పట్రా. ఇది సరిగ్గా ఉందో లేదో చూడు.”

అతను తెచ్చి, వంగి, కొలిచాడు. “సరిగ్గా ఉందక్కా.”

“ఇంకోసారి చూడు.”

అతను మళ్ళీ కొలిచాడు. కత్తెర ఇంకా తెరుచుకోలేదు.