కిటికీ అట్ట

అట్టల టీచరమ్మ పాఠం చెప్పేది మెట్ల కింది గదిలో. చీపుళ్లు, విరిగిన బెంచీలు, చదువు రాదని తరగతుల్లోంచి పంపేసిన పిల్లలు, బడి అక్కర్లేదనుకున్నవన్నీ అక్కడే. తనిఖీకి అధికారి వచ్చిన రోజున హెడ్మాస్టరు ఆ గదికి బయట గడియ పెట్టించేవాడు. లోపల ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుని పిల్లల్ని సద్దు చేయనిచ్చేది కాదు. కాంట్రాక్టు ఉద్యోగం, నోరెత్తితే ఊడుతుంది. ఏళ్ల తరబడి ఆ గడియను భరించింది.

ఆమె పనిముట్టు ఒక అట్టముక్క. మధ్యలో ఒక్క పదం పట్టేంత కిటికీ కోసి ఉంటుంది. దాన్ని పేజీ మీద జరుపుతూ పోతే చదవాల్సిన పదమే కనబడుతుంది, మిగతా గుంపు కంటికి అడ్డం రాదు. గువ్వ అని పిలిచే పిల్ల అంతకుముందు "చీమలు పాకుతున్నాయి" అని పుస్తకం మూసేసేది. ఆ కిటికీలోంచే చదవడం నేర్చింది.

ఈ తనిఖీలో చదివి చూపిస్తే గువ్వను తోటివాళ్ల తరగతిలో కూర్చోబెడతారు. లేదంటే వాళ్లమ్మ తను పనిచేసే ప్యాకింగ్ షెడ్డుకు తీసుకుపోతుంది. "ఎన్నాళ్లని టీచరమ్మా? బెంచీ అరిగింది గానీ దీని బుర్ర కదల్లేదు" అంది వాళ్లమ్మ.

టీచరమ్మ మొదటిసారి హెడ్మాస్టరు ముందు నోరు విప్పి, గువ్వను అధికారి ముందు చదవనివ్వమని అడిగింది.

"సరే, ఆ ఒక్కదాన్ని తీసుకురండి. ఆ అట్టముక్క మాత్రం బయటికి తీయకండి. అధికారి ముందు గారడీ వేషాలేంటి? బడి పరువు పోతుంది" అన్నాడాయన.

పిల్లను రానిచ్చారు, అదే పదివేలనుకుని తలూపింది.

తోటివాళ్ల తరగతిలో, అధికారి ముందు గువ్వ పుస్తకం తెరిచింది. పేజీ మీద వేలు ఆనించబోతే హెడ్మాస్టరు దగ్గాడు. వేలు వెనక్కి పోయింది. మొదటి పదం చదివి ఆగింది. టీచరమ్మ చేతిసంచీ వైపు చూసింది. అట్ట అందులోనే ఉందని ఇద్దరికీ తెలుసు. టీచరమ్మ చెయ్యి సంచీలోకి వెళ్లింది. హెడ్మాస్టరు మొహం చూసి అక్కడే ఆగిపోయింది.

"ఏంటమ్మా, మాటలు మింగేస్తున్నావ్? పొద్దున ఏమీ పెట్టలేదా మీ అమ్మ?" అన్నాడు అధికారి. తరగతి గొల్లుమంది.

వారం తిరక్కుండానే గువ్వ షెడ్డులో చేరింది. టీచరమ్మ అట్ట పట్టుకుని అక్కడికి వెళ్లింది.

"ఇక్కడ చదవక్కర్లేదు టీచరమ్మా. చీటీ రంగు చూసి పెట్టెలో వేయడమే." గువ్వ టేపు చుడుతూనే ఉంది. అట్ట అందుకోలేదు. టేపు తెంపి, "ఆరోజెందుకివ్వలేదు?" అంది.

టీచరమ్మ అట్టను సంచీలో పెట్టుకుని వెనక్కి వచ్చింది. ఇప్పుడు తనిఖీ వస్తే గడియ పడకుండా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియదు.

చూపు ఆననివాణ్ణి కళ్లజోడు తీసేసి చదవమంటామా? మీ పిల్లల బడికి వెళ్లండి. తనిఖీ రోజున మూసి ఉండే గది ఏదో అడగండి, గడియ తీయించండి. అట్ట పెట్టుకుని చదువుతానన్న పిల్లను పరీక్షలోనూ అలాగే చదవనివ్వమనండి. ఒక్కరే వెళ్తే దగ్గి ఊరుకుంటారు. పదిమంది కలిసి వెళ్లండి.