పగడాల దీవిలో పప్పు

కువైట్‌లోని హవల్లీలో నేను పనిచేసే ఇంటావిడను ఇక్కడి వాడుకలో మామా, అంటే అమ్మా, అంటాను. ఆమె చిన్నకొడుకు నేల మీద బోర్లా పడుకుని బడి పాఠానికి బొమ్మ వేస్తున్నాడు. నీలం రంగు నడుమ చేతిగాజులాంటి గుండ్రటి నేల. పగడాల దీవి. నడుము నొప్పికి, తుడుస్తున్న కర్ర మీదే ఆనుకుని చూస్తూ ఉండిపోయాను.

నా చిన్నప్పుడు రాయచోటి బడిలో మా సారు కూడా బోర్డు మీద అదే గాజు గీశాడు. పసిఫిక్ సముద్రంలో ఉందన్నాడు. బయటా నీళ్లే, లోపలా నీళ్లే. చెరువు కట్టంత సన్నటి నేల మీద మనుషులు కాపురం ఉంటారు.

ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్న అమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను. "మా, మనం ఆడికి పోదాం. గడప దిగితే నీళ్లేనంట."

"ఉప్పునీళ్లు గదా పాపా. పప్పు ఉడుకుతాదా ఆడ?" అంది.

నెల తిరక్కుండానే అమ్మ కువైట్‌కు పోయింది. అది సముద్రం పక్కనే అని అవ్వ చెప్పింది. నా మాట విని ఆ గాజు మీదికే పోయిందనుకున్నాను. ఇక పనిలేదని బిందెలన్నీ బోర్లించి పెట్టాను. ఫోనులో మొదట పప్పు సంగతే అడిగాను.

"ఉడుకుతాది పాపా. మెత్తగా ఉడుకుతాది."

అమ్మ అబద్ధం చెప్పలేదు. ఇక్కడ సముద్రపు నీళ్లనే ఉప్పు తీసి కుళాయిలో వదులుతారు. అయితే పొయ్యి మామాది. కందిపప్పు ఆమె కొనదు.

పోయిన శుక్రవారం నా కూతురు ఫోనులో అడిగింది. "ఏం తింటివి మా?"

"పప్పూ బువ్వా," అన్నాను.