మఠం గదిలో మేనత్త

మా కోనసీమలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే తప్ప రాయి తగలదు. అలాంటి చోట మా ఊరి శివాలయం మొత్తం రాతికట్టడం. రాళ్ళన్నీ గోదావరి మీద పడవల్లో వచ్చాయట. ఎవరు తెచ్చారో, ఎన్ని పడవలు మునిగాయో మా వాళ్ళకెప్పుడూ పట్టలేదు. వాళ్ళకి తెలిసిందల్లా ఏటేటా రంగులెయ్యడం. స్తంభాల మీది తామరపూలకి గులాబీ రంగు, నందికి తెలుపు, శాసనం చెక్కిన స్తంభానికి ఆకుపచ్చ ఆయిల్ పెయింటు. నా చిన్నప్పుడు యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చి, ఆ పెయింటు గీకించి, తడికాగితం అంటించి అక్షరాల అచ్చు తీసుకున్నాడు. "మొదట ఇది గుడి కాదండీ, శైవ సన్యాసుల మఠం. వాళ్ళు పూజ చేసుకున్న లింగమే తరవాత ఊరందరి దేవుడయ్యాడు" అని చెప్పి వెళ్ళాడు. శివరాత్రికి మళ్ళీ పెయింటు కొట్టేశారు.

ఆ సన్యాసుల గుర్తుగా ప్రాకారంలో ఉత్తరపు గోడ వెంట రాతిగదుల వరస మిగిలింది. గడప ఎత్తు, గుమ్మం పొట్టి. తల వంచకపోతే నుదురు బొప్పి కట్టాల్సిందే. కిటికీ లేదు. గోడలో దీపం పెట్టే గూడు, పడుకోవడానికి రాతి అరుగు, అంతే. పైకప్పు పలకల సందుల్లో బెల్లం కలిపిన గానుగ సున్నం. ఆ గదుల్లో దేవుడి వాహనాలూ పందిరి సామానూ పెట్టేవారు. చివరి గదిలో మా మేనత్త ఉండేది.

నాన్నకి అక్క ఆవిడ. పెళ్ళైన కొత్తల్లోనే భర్త పోతే అత్తవారు పంపించేశారు. పుట్టింట్లో ఒకరి చేతికింద బతకనని, దేవుడికి దండలు కట్టే పని ఒప్పుకుని ఆ గదిలో దిగింది. నోరు పెద్దది. చెప్పులతో లోపలికొస్తే ఎంత మోతుబరినైనా దులిపేసేది. తొంభై ఆరు తుఫానులో మా వీధి పెంకులన్నీ ఎగిరిపోతే సగం వీధి ఆ గదుల్లోనే తలదాచుకుంది. చంటిపిల్లల తల్లుల్ని తన గదిలో ఉంచి, తను గుమ్మంలో తడుస్తూ కూర్చుంది. "ఈ రాయి కదల్దర్రా, ఏడుపాపండి" అని ఆవిడ గదమాయించడం నాకింకా వినిపిస్తుంది.

కొన్నేళ్ళకి జబ్బు చేసింది. ఇంటికి తీసుకెళ్ళిపోమన్నాడు అమలాపురం డాక్టరు. ఆవిడకి ఇల్లంటే ఆ గదే.

"నన్నిక్కణ్ణించి కదపకురా తమ్ముడూ. ఈ అరుగు మీదే పోతాను."

"ఆయ్, అలాగే అక్కయ్యా" అన్నాడు నాన్న.

మా వైపు ఊళ్ళో ఎవరు పోయినా శవం పొలిమేర దాటేదాకా గుడి తలుపులు మూసేస్తారు. ప్రాకారంలోనే ప్రాణం పోతే ఇక గుడంతా మైల. సంప్రోక్షణ జరిగేదాకా పూజ ఉండదు. స్వామి కల్యాణం దగ్గరపడింది. గుడి కమిటీ ప్రెసిడెంటు మా ఇంటికొచ్చాడు.

"మీ అక్కగారంటే మాకూ గౌరవమేనండీ. ముహూర్తానికి అటూ ఇటూ అయితే ఊరికి అరిష్టం కదండీ. ఇంటికి తెచ్చేసుకోండి."

తుఫానప్పుడు ఆయన పిల్లలు పడుకున్నది ఆ గదిలోనే. నాన్న ఆ మాట ఎత్తుతాడని చూశాను. నాన్న కూడా కమిటీ సభ్యుడాయె. "ఆయ్, తెచ్చేసుకుంటానండీ" అన్నాడు.

తనే ఎత్తుకుని, వంగి, ఆ పొట్టి గుమ్మంలోంచి బయటికి తెచ్చాడు. అత్త చెయ్యి చాచి ద్వారబంధం రాయి పట్టుకుంది. అమ్మ ఒక్కో వేలూ విడదీసింది. అంత నోరున్న మనిషి ఒక్క మాటైనా అనలేదు. నాకు భయం వేసింది.

ఇంట్లో పోయిన వేళ నక్షత్రం మంచిది కాకపోతే కొన్ని నెలలు ఇల్లు ఖాళీ చేసి పాడుపెట్టాలని, పెరట్లో కొబ్బరికాయల పాకలో మంచం వేశారు. మర్నాడే పోయింది. గోడా లేదు, గూడూ లేదు, తడికలు. కల్యాణం దివ్యంగా జరిగిందని అందరూ చెప్పుకున్నారు.

మరుసటేడు కల్యాణమండపం కడతామని కమిటీవాళ్ళు ఆ గదుల వరస పడగొట్టించారు. అత్త గదిలో అరుగు పలక ఎత్తితే కింద ఇటుకల గూడు కనబడింది. అందులో కూర్చున్నట్టుగా ఒక మనిషి ఎముకలు, చుట్టూ రుద్రాక్షలు. ప్రతి గదిలోనూ అంతే. సన్యాసుల్ని కాల్చరు, కూర్చోబెట్టి సమాధి చేస్తారు. ఆ మఠంలో ఎవరి అరుగు కింద వాళ్ళనే ఉంచేశారన్నమాట. అన్ని చావుల మీద ఇన్ని వందల ఏళ్ళూ మా ఊరి దేవుడు నిక్షేపంగా పూజలందుకున్నాడు. మా అత్త ఒక్కత్తి చావు మాత్రం ఆయనకి మైలైపోయింది!

"సన్యాసులకి మైలుండదండీ" అన్నారు పూజారి గారు, గుంటలోకి చూడకుండానే.

"ఇది మా అక్కయ్య పడుకున్న అరుగేనండీ" అన్నాడు నాన్న.

ఊళ్ళో పొక్కకముందే కానిచ్చెయ్యమని ప్రెసిడెంటు మేస్త్రీకి చెప్పాడు. సాయంత్రానికల్లా కాంక్రీటు పోసేశారు.

నాన్న ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండా తిన్నగా కొబ్బరికాయల పాకలోకి వెళ్ళి, అత్త మంచం వేసిన చోట కటికనేల మీద పడుకున్నాడు. అన్నానికి పిలవమని అమ్మ నన్ను పంపించింది. పాక గుమ్మం దాకా వెళ్ళాను. నాన్న ఏడుస్తున్నాడు. నేను పిలవకుండానే వచ్చేశాను.